మూతి విరిచిన బొమ్మలు

మా వదిన బొమ్మలకు బొమ్మలు గీస్తుంది. ఈ మాట విని చాలామంది తికమక పడతారు కాబట్టి ముందే విప్పి చెబుతాను. మొదటి బొమ్మ అంటే బట్టల షాపుల్లో గౌన్లూ కోట్లూ తొడిగి నిలబెట్టే నిలువెత్తు బొమ్మ. రెండోది కనుబొమ్మ. మన భాషలో ఆడుకునేదీ బొమ్మే, గీసేదీ బొమ్మే, కంటి మీద ఉండేదీ బొమ్మే. అలాగని ఆవిడ కనుబొమ్మలతో ఆగదు. కళ్ళు, రెప్పలు, బుగ్గల మీద ఎరుపు, పెదవులు, అన్నీ ఆవిడే వేస్తుంది. అచ్చులోంచి తీసిన తల కోడిగుడ్డులా బోడిగా ఉంటుంది. వదిన బల్ల దాటాక దానికి మనిషి కళ వస్తుంది. అందుకే మా కార్ఖానాలో ఆవిడను అందరూ కళ్ళమ్మ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

నేనూ అక్కడే పనిచేస్తాను. ఆవిడ పక్క బల్ల నాది. ఆవిడ మొహం వేశాక నేను జుట్టు పెడతాను. విగ్గు దువ్వి, కత్తిరించి, తలకు అంటిస్తాను. ఆవిడ మా అన్నయ్య భార్య. నన్ను ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే. నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి కదా. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు. "దీనితో మాట్లాడే బదులు గోడతో మాట్లాడ్డం నయం, గోడ తిరిగి తిట్టదు" అని మా అన్నయ్య అంటుంటాడు. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో రెండు "పక్కకి జరగండి" అనే.

వదిన పనిచేసే తీరు చూసి తీరాలి. పెద్దమనిషి బొమ్మ వేసేటప్పుడు గడ్డం లోపలికి లాక్కుని, కనుబొమ్మలు ముడేసి, తనే ఏదో బ్యాంకు మేనేజరులా కూర్చుంటుంది. చిన్నపిల్ల కళ్ళు వేసేటప్పుడు తన కళ్ళు ఇంతింత చేస్తుంది. నవ్వే మూతి వేయాలంటే ముందు తను నవ్వుతుంది. ఆ నవ్వు పెదవి చివరిదాకా వెళ్ళాక ఊపిరి బిగబట్టి, దాని వెంటే సన్న కుంచెను నడిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు తమను చూసే నవ్వుతోందనుకుని తిరిగి నవ్వేవాళ్ళు.

"నవ్వకుండా వెయ్యలేవా వదినా?" అని ఒకసారి అడిగాను.

"నవ్వకపోతే నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందే? నీ జేబులోంచా?" అంది.

కిందటేడు ఒక పొద్దున వదిన లేచి నోట్లో నీళ్ళు పోసుకుంటే ఎడమ మూల నుంచి కారిపోయాయి. మళ్ళీ పోసుకుంది, మళ్ళీ కారాయి. అన్నయ్య చూసి బిత్తరపోయాడు. ఎడమ సగం మొహం జారిపోయి ఉంది, కన్ను మూతపడటం లేదు. పరుగున ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మొహానికి పోయే నరం వాచిందని, ప్రాణానికి ఏమీ భయం లేదని, చాలామందికి నయమవుతుందని, కొందరికి మాత్రం కాస్త మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. అన్నయ్య సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. కంట్లో చుక్కలు వేశాడు, పడుకునే ముందు రెప్పకు అంటుపట్టీ వేశాడు. కొన్ని వారాలకు కన్ను మూతపడింది. మాట తేటపడింది. మూతి ఎడమ మూల మాత్రం పైకి రాలేదు.

ఊరికే కూర్చుంటే అంత తెలియదు. నవ్వితేనే తెలుస్తుంది. కుడివైపు పైకి వెళ్తుంది, ఎడమవైపు ఉన్నచోటే ఉంటుంది. తెలియనివాళ్ళకు అది నవ్వులా ఉండదు, ఎదుటివాణ్ణి చూసి మూతి విరిచినట్టు ఉంటుంది.

ఈ సంగతి అందరికీ తెలుసు, వదినకు తప్ప. జబ్బు చేసిన మొదటి రోజు ఆసుపత్రి అద్దంలో ఒకసారి చూసుకుందంతే. మళ్ళీ చూసుకోలేదు. అద్దం ముందు నిలబడి మూతిని కదిలించమని డాక్టరు చెబితే గోడ ముందు నిలబడి కదిలించింది. తల దువ్వుకోవడం చేత్తో తడుముకుంటూ వంటింట్లోనే. ఏమైనా అంటే, "పుట్టినప్పట్నుంచీ మోస్తున్న మొహం, నాకు తెలీదా? పూర్తిగా తగ్గిపోయింది" అనేది. తగ్గిపోయిందని ఆవిడ అంత ధీమాగా అంటుంటే లేదని ఎవరు చెబుతారు? అంత నోరున్న నేనే మూసుకున్నాను.

పనిలోకి వచ్చేసింది. ఎప్పటిలాగే కళ్ళు పెద్దవి చేసింది, గడ్డం లోపలికి లాగింది, నవ్వింది. ఎప్పటిలాగే బొమ్మలు షాపులకు వెళ్ళాయి.

కొన్నాళ్ళకు మూలమలుపు దగ్గర ఉండే బట్టల షాపు యజమాని తోపుడు బండి మీద ఆడబొమ్మలను వేయించుకుని వచ్చాడు. మనిషి కుతకుతలాడుతున్నాడు.

"ఏంటండీ ఇవి? అద్దాల్లో నిలబెట్టి కొత్త గౌన్లు తొడిగితే, ఇవి మా గౌన్లు చూసి మూతి విరుస్తున్నాయి! నిన్న ఒకావిడ లోపలికొచ్చి, 'మీ బొమ్మకే నచ్చలేదు, నాకేం నచ్చుతుంది' అని వెళ్ళిపోయింది. నా బట్టలు నా బొమ్మే తిప్పికొడితే ఇంక నేనెందుకు షాపు పెట్టుకుని?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఓనరు కూడా నవ్వలేదు. ఆయన ఒక తలను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, వదిన వైపు చూసి, మళ్ళీ తల వైపు చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. ఆ మాట పైకి అనడానికి ఆయనకూ మొహమాటం అడ్డొచ్చింది.

"అమ్మా, చెయ్యి కొంచెం తప్పుతోంది," అన్నాడు మెల్లగా. "సోమవారం దాకా చూద్దాం. కుదరకపోతే కొన్నాళ్ళు వెనక షెడ్డులో సాయం చేద్దువుగాని."

వెనక షెడ్డు అంటే గరుకు కాగితంతో బొమ్మల ఒళ్ళు నునుపు చేసే చోటు. దుమ్ముకు దగ్గులొస్తాయి, వేళ్ళు మొద్దుబారిపోతాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళ చేతికి మళ్ళీ సన్న కుంచె రాలేదు. 'కొన్నాళ్ళు' అన్న మాటకు మా కార్ఖానాలో అర్థం అదే.

ఆయన వెళ్ళాక వదిన ఆ తలను ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏముందే దీనికి? చక్కగా నవ్వుతోంది కదా!" అంది. ఆ మాట అబద్ధం కాదు, ఆవిడకు నిజంగానే అలా కనిపించింది. "వాళ్ళ బట్టలు అమ్ముడుపోక నా మూతి మీద పడ్డారు" అని విసుక్కుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, కాబట్టి ఎదురుగా ఉన్న విగ్గును పట్టుకుని తెగ దువ్వాను. దాని జుట్టు సగం ఊడొచ్చింది.

ఆ వారంలోనే ఒక చిత్రకారిణి మా దగ్గర బోడి తలలు కావాలని ఆర్డరిచ్చింది. రంగు వేయని తలలు ఎవరు కొంటారని అందరం ఆశ్చర్యపోయాం. నలుగురినీ పిలిచి, ఎవరి మొహం వాళ్ళ చేత వేయించి, అన్నిటినీ ఒక హాల్లో వరసగా పెడుతుందట. వాటిని అప్పగించి, వాటి మీద రంగు ఎలా నిలుస్తుందో చూపించి రమ్మని ఆదివారం ఓనరు మా ఇద్దర్నీ పంపాడు.

హాలు నాలుగు గోడలకూ ఆ చిత్రకారిణి మొహాలే. ఒకదాంట్లో జ్వరంతో పడుకుని ఉంది, ఒకదాంట్లో గుండు, ఒకదాంట్లో చెంచాలో కనిపించినట్టు ముక్కు ఉబ్బిపోయి ఉంది, ఇంకోదాంట్లో శుభ్రంగా ముక్కు చీదుకుంటోంది. నాకు నోరాగదని చెప్పాను కదా.

"ఏమ్మా, నీకు వెయ్యడానికి ఇంకెవరూ దొరకలేదా?" అన్నాను.

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "దొరుకుతారండీ, కదలకుండా కూర్చోరు. నేనైతే ఎప్పుడు పిలిచినా దొరుకుతాను." తర్వాత గోడ వైపు చూస్తూ, "చదువుకునే రోజుల్నుంచీ వేసుకుంటున్నాను. ఒక్కటీ అంతకుముందు దానిలా రాలేదు. ఇందులో నేనెవరో తేలితే ఆ రోజు ఆపేస్తాను" అంది. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, అమ్మాయి మాత్రం నచ్చింది.

పొడుగాటి బల్లలకు రెండువైపులా జనం కూర్చున్నారు. ఒక నర్సు, తాళాలు బాగుచేసే ఒకాయన, ఉద్యోగం మానేసిన లెక్కల మాస్టారు, ఇంకా కొందరు. ఒక్కొక్కరి ముందు ఒక తల, ఒక అద్దం. మాస్టారు వేసుకున్న కన్ను చెవి దాకా పోయింది. అయినా చూడగానే ఆయనే అని తెలుస్తోంది, అదేం చిత్రమో!

"మీరూ ఒకటి వెయ్యండమ్మా," అని ఆ అమ్మాయి వదిన ముందు ఒక తల పెట్టింది. వదిన వద్దు వద్దంటూనే కుంచె ఎత్తింది. కుంచె కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. అద్దాన్ని మాత్రం పక్కకు జరిపేసింది.

"నాకు దీనితో అలవాటు లేదమ్మా," అంది.

ఇంక చూడాలి! మిగతావాళ్ళు కుంచెలు వదిలేసి చుట్టూ మూగారు. కనుబొమ్మలు చెరో గీతలో వచ్చేశాయి. కళ్ళు, రెప్పలు, బుగ్గలు. అచ్చం షాపు బొమ్మ. ముడత లేదు, కళ్ళ కింద నలుపు లేదు, పెళ్ళినాటి వదిన కంటే చిన్నదిగా ఉంది. చివరికి మూతి. వదిన నవ్వింది, ఊపిరి బిగబట్టింది, కుంచె ఆ నవ్వు వెంట నడిచింది. పూర్తిచేసి, "ఇదిగో నేను" అని తల తిప్పి చూపించింది.

ఆ అమ్మాయి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "అబ్బ! ఎంత ధైర్యమండీ మీది!" అంది. "మొహమంతా ఇంత అందంగా వేసి, మూతి మాత్రం ఉన్నదున్నట్టు వేశారు. నేనైతే దాచేసేదాన్ని."

"ఉన్నదున్నట్టు అంటే?" అంది వదిన. "మూతికేమైంది?"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. వదిన నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. అంతే, ఆవిడకు అర్థమైపోయింది. చెయ్యి చాపి, పక్కకు జరిపిన అద్దాన్ని లాక్కుంది.

మామూలుగా చూసింది. తర్వాత నవ్వి చూసింది. నవ్వు ఆపి, మళ్ళీ నవ్వింది. తర్వాత తను వేసిన తలను అద్దం పక్కన పెట్టి, దాని మూతిని, తన మూతిని మార్చి మార్చి చూసింది.

"నువ్వు రోజంతా నా పక్కనే కూర్చుంటావు," అంది నాతో.

"అవును వదినా."

"ఊరందరితో పోట్లాడతావు. నా దగ్గరికొచ్చేసరికి నీ నోటికేం వచ్చింది?"

నాకు ఆ అమ్మాయి మీద, డాక్టరు మీద, షాపువాడి మీద, ఆ హాల్లో ఉన్న అన్ని అద్దాల మీదా కోపంగా ఉంది. ఆ తలను తీసుకుని ఇంటికి వెళ్ళిపోదామన్నాను. వదిన కదల్లేదు. గుడ్డ ముక్కను రంగు చెరిపే థిన్నరులో ముంచింది. మూతిని తుడిచేస్తుందనుకున్నాను. మూతిని అలాగే ఉంచి మిగతా మొహమంతా తుడిచేసింది. బోడి తల మీద వంకర మూతి ఒక్కటే మిగిలింది. అప్పుడు అద్దాన్ని దగ్గరికి లాక్కుని, దానికి తగ్గ కళ్ళు వేయడం మొదలుపెట్టింది. ఎడమ రెప్ప కాస్త వాలినట్టు వేసింది. కళ్ళ కింద నలుపు వేసింది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే వెతికి వెతికి వేసింది. ఎప్పుడూ అరగంటలో మొహం ముగించే మనిషికి సాయంత్రమైంది. పని అయ్యేదాకా ఏడవలేదు. చేతులు కడుక్కునేటప్పుడు ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వదిన చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఏవండీ, నా మూతి వంకరగా ఉందా?"

అన్నయ్య నన్ను చూశాడు. నేను పైకప్పును చూశాను.

"ఉంది," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

చూశారా మా అన్నయ్య తెలివి! నేను అందుకోబోయాను, కానీ వదిన చెయ్యి ఎత్తి ఆపింది. "అందుకే బొమ్మల మూతులు కూడా అలా వచ్చాయి," అంది కుర్చీలో కూలబడి. "నాలాగే వచ్చాయి. నాకు కనిపించనేలేదు."

"ఎప్పుడూ నీలాగే వచ్చేవి," అన్నాడు అన్నయ్య.

"ఏంటి?"

"అన్నీ నువ్వే. పెళ్ళయిన కొత్తల్నుంచీ చూస్తున్నాను. నా రూట్లో నాలుగైదు బట్టల షాపులున్నాయి. ప్రతి స్టాపు దగ్గరా నువ్వు నవ్వుతూ నిలబడి ఉంటావు. నేను బస్సు ఆపి, నిన్ను చూసి, మళ్ళీ నడుపుతాను." ఇంత పొడుగు మాట అన్నయ్య నోట నేనెప్పుడూ వినలేదు.

వదిన, "అది పాత నవ్వు," అంది. "ఇప్పుడు అది నాకు లేదు."

"మూల షాపులో కొత్తది పెట్టారుగా. అది కూడా నువ్వే. అక్కడ రెడ్ లైటు పడితే బాగుండని చూసేవాణ్ణి. మొన్న వాడు దాన్ని తీసేశాడు." అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "బస్సు ఆపేసి దిగి వెళ్ళి పోట్లాడాను."

"మీరా?" అంది వదిన.

"నువ్వా?" అన్నాను నేను.

"మా ఆవిణ్ణి ఎందుకు తీసేశావురా అని అడిగాను. వాడు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వెనక ఆగిన బళ్ళవాళ్ళు ఒకటే హారన్లు కొట్టారు."

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతుంటే మూతి ఒక పక్కకే పోయింది, అన్నయ్య చూస్తూనే ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేస్తూ కూర్చున్నాను. కొన్ని చోట్ల మూడో మనిషి ఉండకూడదు, ఆ మాత్రం ఇంగితం నాకూ ఉంది.

సోమవారం వదిన ఇంట్లోని అద్దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చి తన బల్ల మీద నిలబెట్టింది. ఓనరు రాగానే లేచి నిలబడింది.

"సార్, నా మూతి వంకరైపోయింది. నేను వేసే మూతి నా మూతి వెనకే వస్తుంది. సోమవారం కాదు, ఏ వారమైనా అంతే."

"అయ్యో, వంకరేంటమ్మా, నేనసలు గమనించనే లేదు..." అని ఆయన నీళ్ళు నమిలాడు.

"గమనించారు. ఇక్కడ అందరూ గమనించారు. నేనే ఆఖర్న గమనించాను." "నన్ను షెడ్డుకి పంపకండి. కళ్ళు బాగానే వస్తున్నాయి కదా. కళ్ళు నేను వేస్తాను. మూతులు మా ఆడపడుచు వేస్తుంది."

ఓనరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇదా? దీని మూతి వస్తే షాపులోకి వచ్చినవాళ్ళని బొమ్మలు కరిచేస్తాయి!"

కార్ఖానా అంతా గొల్లుమంది. నేను నోరు తెరిచేలోపే వదిన, "నేను పక్కనుంటాను. నేర్పుతాను" అంది. ఆయన ఒక తల బల్ల మీద పెట్టి, "సరే, కానివ్వండి. నేనూ చూస్తాను" అన్నాడు. ఒక్క తల. వదిన బల్ల ఆ తల మీద ఆధారపడి ఉంది, ఆ తల నా మీద.

వదిన కళ్ళు వేసి ఇచ్చింది. నేను కుంచె పట్టుకున్నాను.

"నవ్వు," అంది వదిన.

"రావట్లేదు."

"మొహం అలా మాడ్చుకుంటే ఎలా వస్తుంది? మీ అన్నయ్య బస్సు ఆపి షాపువాడితో పోట్లాడ్డం తలుచుకో."

తలుచుకున్నాను. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే, నోట్లో నాలుక లేని మా అన్నయ్య చొక్కా చేతులు పైకి మడిచి... నవ్వొచ్చింది. "ఆగు, అక్కడే ఆగు, ఊపిరి బిగబట్టు, ఇప్పుడు నడిపించు" అని వదిన చెవిలో చెబుతూనే ఉంది. నడిపించాను. పై పెదవి, కింది పెదవి. కుంచె కింద పెట్టి కళ్ళు మూసుకున్నాను.

ఓనరు, "ఫర్వాలేదే! దీనికి నవ్వడం కూడా వచ్చు!" అన్నాడు. "మూతులు దీనికే ఇవ్వండి" అని గుమస్తాతో చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఎగిరి గంతేయబోయి వదిన వైపు చూశాను. ఆవిడ ఓనరు మాట విన్నట్టే లేదు. ఆ తలనే చూస్తోంది.

"దీని మూతి," అంది మెల్లగా, "మీ అన్నయ్యది."

నేనూ చూశాను. నిజమే. పై పెదవి సన్నం, కింది పెదవి లావు, మధ్యలో చిన్న నొక్కు. మా నాన్నది అదే మూతి, అన్నయ్యదీ అదే, నాదీ అదే. దాని పైన వదిన కళ్ళు. వాళ్ళిద్దరికీ పిల్లలు లేరు. ఈ మాట ఇంతవరకూ నేను చెప్పలేదు, ఎందుకంటే మా ఇంట్లో ఆ మాట ఎవరం ఎత్తం.

వదిన తడి రంగు అంటకుండా ఆ తలను వెనక నుంచి రెండు అరచేతుల్లోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మంచి జుట్టు చూసి పెట్టవే దీనికి," అంది.